తుంటి మీద కొడితే

తుంటి మీద కొడితే పళ్ళు రాలాయన్నట్టు అని మనకొక సామెత ఉంది. పొంతన లేని రెండు విషయాలను కార్యకారణాలుగా ముడిపెట్టేవాడిని ఎగతాళి చెయ్యటానికి దాన్ని వాడతాం. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఒకరిద్దరు విద్యార్థుల వ్యాసాల పక్కన ఎర్రసిరాతో ఆ సామెత రాసిన పాపం నాకూ ఉంది. ఇప్పుడు వారికి క్షమాపణ చెప్పుకోవాలి. నా శరీరంలో సరిగ్గా ఆ సామెత చెప్పినట్టే జరిగింది. చెడింది తుంటి, నొప్పి పుట్టింది మోకాలికి. తుంటికీ మోకాలికీ పోయే నరాల శాఖలు కొన్ని ఒకే మొదలు నుంచి చీలతాయి కాబట్టి పైన పుట్టిన నొప్పి కింద తెలియటం వైద్యశాస్త్రంలో వింతేమీ కాదు. అయినా 2014 నుంచి 2024 దాకా నా కుడి మోకాలిని నలుగురు డాక్టర్లు చూశారు. రెండుసార్లు ఎక్స్‌రే తీయించారు. మోకాలు చక్కగా ఉందన్నారు. నొప్పి బిళ్ళలు రాసి పంపించారు. ఆ యంత్రాన్ని ఒక మూరెడు పైకి జరిపినవారు లేరు.

తుంటి ఆపరేషన్ల గురించి ఈ పత్రికలో రాయటమేమిటని పాఠకులు అడగవచ్చు. గత ఏడాది కాలంలో నేను ఆస్పత్రుల్లో అన్నిటికన్న ఎక్కువసార్లు విన్న మాట 'ఎంపిక'. రెండు మూడు రకాల శస్త్రచికిత్సలు ఉన్నాయి, ఏది కావాలో మీరే ఎంచుకోండి, నిర్ణయం పూర్తిగా మీదే అని డాక్టర్లు మర్యాదగా చెప్పారు. ఆ మర్యాద నిజమైనదే. కాని ఒక మాటను ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అంటున్నారో విచారించటాన్నే కదా ఇన్నాళ్ళూ మనం విమర్శ అంటున్నాం. పద్యాల మీద చేసిన ఆ పని ఈ ఒక్క మాట మీద చేసి చూద్దామని ఈ ప్రయత్నం.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అమ్మకు తొలికాన్పు. పుట్టింది ఆడపిల్ల. తుంటి గిన్నె సరిగా ఏర్పడకపోవటానికి దారితీసే పరిస్థితుల్లో ఈ మూడూ ముందు వరసలో ఉంటాయని నాకు ఇప్పుడు తెలుసు. మా ఊళ్ళో మాత్రం ఎదురుకాళ్ళ బిడ్డకు వేరే ఉపయోగం ఉంది. నడుం పట్టినవాళ్ళను ఆ బిడ్డ చేత తొక్కిస్తే నొప్పి పోతుందని నమ్మకం. మా అమ్మ పొగాకు గ్రేడింగ్ కంపెనీలో కూలి. రోజంతా నేల మీద కూర్చుని ఆకు వేరుచేసి వచ్చిన ఆడవాళ్ళు సాయంత్రం మా అరుగు ముందు చాప పరుచుకుని బోర్లా పడుకునేవాళ్ళు. అయిదారేళ్ళ పిల్లను, వాళ్ళ నడుముల మీద వరసగా నడిచేదాన్ని. ఒకరు బెల్లంముక్క ఇచ్చేవారు, ఒకరు వేరుశనక్కాయలు. వాళ్ళ నడుములు బాగుపడ్డాయో లేదో నాకు తెలియదు. "నీ పిల్ల కుడికాలు మోపినప్పుడు ఒరుగుతున్నదే" అని ఒకామె అమ్మతో అన్నది. అమ్మ నవ్వి ఊరుకుంది. నా తుంటికి జరిగిన మొదటి వైద్యపరీక్ష అదే. రెండో పరీక్ష జరగటానికి మరో ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

నిజానికి ఆ పరీక్షకు యంత్రం అక్కర్లేదు. పుట్టిన బిడ్డ తొడలు మడిచి మెల్లగా పక్కలకు విప్పితే, జారి ఉన్న తొడ ఎముక తల గిన్నెలోకి దిగటం చేతికే తెలుస్తుంది. ఇటలీ పిల్లల వైద్యుడు ఓర్తొలాని 1937లోనే ఈ సంగతి రాశాడు. జారకుండా, గిన్నె మాత్రం లోతు తక్కువగా ఉన్న బిడ్డల్లో చేతికి ఏమీ తెలియకపోవచ్చు. ఎదురుకాళ్ళ బిడ్డ అయితే చేతి పరీక్షతో ఊరుకోకుండా మరోసారి చూడాలనేది అందుకే. చెకోస్లవాకియాలో ఆర్నాల్డ్ పావ్లిక్ అనే వైద్యుడు 1940లలో తోలుపట్టీలతో ఒక సాధనం చేశాడు. అది బిడ్డ కాళ్ళను మడిచి ఎడంగా పట్టి ఉంచుతుంది, కాని కదలనిస్తుంది. తొలి నెలల్లో కనిపెడితే చాలామంది బిడ్డలకు కొన్ని వారాల పాటు ఆ పట్టీలు సరిపోతాయి. జపానులో 1970లలో, శిశువుల కాళ్ళను చాచి గుడ్డతో బిగించే అలవాటు మాన్పించటానికి దేశమంతటా ప్రచారం చేశారు. ఈ జబ్బు అక్కడ బాగా తగ్గిపోయింది.

మా అమ్మమ్మ కూడా కాళ్ళు దొడ్డివి కాకూడదని నన్ను చాచి బిగించి చుట్టేదట. మెడ నిలిచాక అదే బిడ్డను చంకనెత్తుకుని ఊరంతా తిరిగేది. చంకన బిడ్డ కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చునే తీరు తుంటికి మేలు చేస్తుంది. ఒకే ముసలామె చేతుల్లో తెలియకుండా కీడు జరిగింది, తెలియకుండా మేలూ జరిగింది. ఆమెను తప్పుపట్టను. ఆమెకు చెప్పవలసిన జీతగాళ్ళు ఉన్నారు, వాళ్ళు చెప్పలేదు.

ఒక పక్కదారి. క్లాసులో ప్రబంధ నాయికల వర్ణనలు చెప్పేటప్పుడు మందయాన, హంసగమన, గజగమన అనే విశేషణాల దగ్గర నేను కొంచెం ఆగుతాను. నడిచి తీరవలసిన అవసరం లేని స్త్రీని చూసి కట్టిన మాటలివి, నాట్లకు పోయే ఆడమనిషిని ఏ కవీ మందగమన అనలేదు అని వ్యాఖ్యానిస్తాను. ఒకరోజు అలా చెబుతుండగా వెనక బెంచీలోంచి "హంసయాన" అని వినిపించింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత డాక్టరు కాగితంలో నా నడకకు ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ శస్త్రవైద్యుని పేరు కనిపించింది. రెండు తుంట్లూ చెడితే ఆ నడకనే బాతునడక అంటారట. హంసకూ బాతుకూ ఉన్న ఎడమెంతో ప్రబంధ కవికీ ఎముకల డాక్టరుకీ ఉన్న ఎడం అంతేననుకుంటాను.

2024 నవంబరులో, ఆస్పత్రిలో కొత్తగా చేరిన ఒక కుర్ర డాక్టరు నా మోకాలిని వదిలేసి తొడను మడిచి లోపలికి తిప్పాడు. గజ్జలో ప్రాణం పోయినంత పనయింది. అతను నడుం కింది భాగమంతా పడేటట్టు ఎక్స్‌రే తీయించాడు. తుంటికీలు ఒక బంతీ ఒక గిన్నే. తొడ ఎముక తల బంతి, కటి ఎముకలోని గుంట గిన్నె. గిన్నె బంతిని ఎంతమేరకు కప్పుతున్నదో కొలిచే కోణాన్ని స్వీడన్ వైద్యుడు వీబెర్గ్ 1939లో నిర్ణయించాడు. అది 25 డిగ్రీలు దాటితే మామూలు కీలు, 20కి తగ్గితే గిన్నె లోతు చాలనట్టు. నాది 14. ముప్ఫైనాలుగేళ్ళుగా నా బరువంతా గిన్నె అంచున వేలెడు జాగా మీద మోశాను. అక్కడి మృదులాస్థి అరగటం మొదలయింది. అయితే అరుగుదల ఇంకా తొలిదశలోనే ఉంది. 'ఎంపిక' అనే మాట మొదటిసారి విన్నది అప్పుడే.

ఒక పెద్ద ఆస్పత్రిలో డాక్టరు కీలు మార్చెయ్యమన్నాడు. అరిగే కీలును పట్టుకుని వేలాడటమెందుకు, బంతీ గిన్నే రెండూ తీసేసి కృత్రిమమైనవి పెడితే ఆరు వారాల్లో కర్ర లేకుండా నడుస్తారు, నొప్పి మర్నాడే పోతుంది అన్నాడు. మరో ఊళ్ళో మరో డాక్టరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. మీ బంతి మీది, మీ మృదులాస్థి మీది, ఒకసారి కోసి పారేస్తే మళ్ళీ రాదు, గిన్నె చుట్టూ ఎముకను కోసి, గిన్నెను బంతి మీదకు తిప్పి, మరలతో బిగిద్దాం అన్నాడు. పెరి అసిటాబ్యులర్ ఆస్టియాటమీ అంటారు దాన్ని. స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో రీన్‌హోల్డ్ గాంజ్ బృందం 1984లో మొదలుపెట్టిన పద్ధతి. కటివలయం వెనక స్తంభం తెగకుండా, కాన్పు దారి ఇరుకు కాకుండా కోయటం అందులో నేర్పు. (మా బంధువులకు నా తుంటి గురించి కలిగిన ఏకైక సందేహం ఈ కాన్పు దారికి సంబంధించినదే. నాకు పెళ్ళి కాలేదన్న సంగతి వారికి అడ్డం రాలేదు.) ఎముక అతికేదాకా రెండు చంకకర్రలు, ఆ కాలి మీద పూర్తి బరువు మోపటానికి సుమారు రెండు నెలలు, మామూలు నడకకు ఇంకా ఎక్కువ.

ఇద్దరూ నిజాయితీపరులే. ఇద్దరి వాదంలోనూ చిత్రమైన సంగతి ఒకటుంది. ఏ జబ్బులోనైనా చిన్న వయసు రోగికి అనుకూలం. గుండెజబ్బులో, విషజ్వరంలో, ప్రమాదంలో "కుర్రది, తట్టుకుంటుంది" అంటారు. తుంటి దగ్గర మాత్రం వయసు దోషమవుతుంది. డెబ్బయ్యేళ్ళ మనిషికి పెట్టిన కీలు ఆ మనిషి కంటె ఎక్కువ కాలం బతుకుతుంది. ముప్ఫైనాలుగేళ్ళ మనిషి ఆ కీలు కంటె ఎక్కువ కాలం బతుకుతుంది. అందుచేత కుర్రవాళ్ళ తుంటి శస్త్రచికిత్సంతా నిజానికి ఒక లెక్క: నీకు మిగిలిన ఆయుర్దాయాన్ని ఎన్ని ఆపరేషన్ల మీద ఎలా పరచాలి అని.

మన కాలపు కృత్రిమ తుంటికి మూలపురుషుడు జాన్ చార్న్‌లీ. ఇంగ్లండులో రైటింగ్టన్ అనే ఒకనాటి క్షయ ఆస్పత్రిలో పనిచేశాడు. మొదట టెఫ్లాన్ గిన్నెలు వాడాడు. సుమారు 300 మందికి పెట్టాక అవి రెండు మూడేళ్ళకే అరిగి, రాలిన పొడి చుట్టూ కణజాలాన్ని చెరిపింది. చాలామందికి మళ్ళీ కోసి తీయవలసి వచ్చింది. తరవాత 1962 నవంబరులో గట్టి పాలిథీన్ గిన్నె మొదలుపెట్టాడు. శరీరం ఈ పదార్థాలను ఎలా భరిస్తుందో చూడటానికి వాటిని తన తొడలోనే పొడిపించుకున్నాడు. ఇలాంటి మనుషుల మీద నాకు గౌరవం. అయినా అతను తన కీలును ముందుగా ఉద్దేశించింది వయసు మళ్ళినవారికి, తక్కువ నడిచేవారికి.

లెక్కల సంగతి. నేను సాహిత్యం చదివినదాన్ని, కాని అంకెలకు భయపడను. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం కృత్రిమ తుంట్లలో నూటికి 58 పాతికేళ్ళు నిలుస్తున్నాయి. 2017లో అదే పత్రికలో వచ్చిన బ్రిటన్ లెక్క ఇంకా ముఖ్యమైనది. డెబ్బయ్యేళ్ళు దాటాక కీలు మార్పించుకున్నవారిలో, బతికినంత కాలంలో మళ్ళీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం నూటికి 5. యాభైల తొలి సంవత్సరాల్లో ఉన్న మగవారిలో అది 35 దాకా పోతుంది. ఆడవారిలో కొంత తక్కువ. ముప్ఫైల్లో ఉన్నవారి గడి ఆ పట్టికలో లేదు. ఇక రెండో పక్షం. బెర్న్‌లో 1984-87 మధ్య గిన్నె తిప్పిన తొలి 75 కీళ్ళలో ఇరవయ్యేళ్ళ తరవాత నూటికి 60, ముప్ఫయ్యేళ్ళ తరవాత నూటికి సుమారు 30 మాత్రమే మార్చకుండా నిలిచాయి. వయసు ఎక్కువ ఉన్నవారిలో, అప్పటికే అరుగుదల ఉన్నవారిలో ఫలితం ఇంకా తక్కువ. ఒక న్యాయం పాటించాలి. పాతికేళ్ళ కిందటి లెక్కలు పాతికేళ్ళ కిందటి పదార్థాలవి. 1990ల చివర వచ్చిన కొత్తరకం పాలిథీన్, నేటి సెరామిక్ బంతులు చాలా తక్కువ అరుగుతున్నాయి. అదేవిధంగా నేడు గిన్నె తిప్పటానికి రోగుల్ని ఏరుకునే పద్ధతి కూడా మెరుగయింది. అంటే రెండు పక్షాలవారూ భవిష్యత్తును పిలిచి సాక్ష్యం చెప్పిస్తున్నారు.

మూడో దారి కూడా ఉండేది. బంతిని కోసెయ్యకుండా దాని మీద లోహపు టోపీ పెట్టి, గిన్నెలో లోహపు చిప్ప పెట్టే పద్ధతి, రీసర్ఫేసింగ్. బర్మింగ్‌హామ్‌లో డెరెక్ మెక్‌మిన్ 1990లలో దీనికి ప్రాణం పోశాడు. ఎముక మిగులుతుంది, ఆటలాడవచ్చు, కుర్రవాళ్ళకు ఇదే తగినది అన్నారు. ఎంపికైన మగవారిలో, పెద్ద బంతి ఉన్నవారిలో ఫలితాలు బాగానే ఉన్నాయి. కాని లోహం మీద లోహం రాసుకుంటే కోబాల్టు, క్రోమియం రక్తంలోకి పోతాయి. ఆ బర్మింగ్‌హామ్ కీలును తయారుచేసే కంపెనీయే 2015లో ఆడవారికి దాన్ని వాడవద్దని, చిన్న సైజులను వెనక్కు తీసుకుంది. అంతకు ముందే డీప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ అనే లోహపు తుంట్లను 2010 ఆగస్టులో ప్రపంచమంతటా ఉపసంహరించుకుంది. అప్పటికి సుమారు 93,000 మంది శరీరాల్లో అవి ఉన్నాయి. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. విచారణ సంఘం వేయటానికి మన ప్రభుత్వానికి 2017 దాకా తీరిక దొరకలేదు. 2018లో ఆ సంఘం నివేదిక బయటపడేసరికి ఎక్కువమంది రోగుల ఆచూకీయే తెలియదు. నష్టపరిహారం 30 లక్షల నుంచి 1 కోటి 23 లక్షల దాకా అని సూత్రం కట్టారు, కాని పరిహారం పొందాలంటే ముందు మనిషి దొరకాలి కదా. ఆ లోహపు కీలు పెట్టించుకున్నవాళ్ళు కూడా ఎంచుకున్నవాళ్ళే. వారిని ఎవరూ బలవంతపెట్టలేదు. "చురుకైన జీవితం కోసం" అన్న మాట చదివి ఎంచుకున్నారు. ఆడదాన్ని కావటం వల్ల ఆ దారి నాకు మూసుకుపోయింది. జన్మలో మొదటిసారి అది లాభించింది.

ఇంతవరకూ నేను పుస్తకాల మనిషిలా ఆలోచిస్తున్నాను. నా ఆలోచనను తలకిందులు చేసింది ఆస్పత్రి వరండాలో పరిచయమైన ఒకామె. పేరు రాయవద్దంది. గుంటూరు వైపు శీతలగిడ్డంగుల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పని. వయసు ముప్ఫైఎనిమిది. మేమిద్దరం ఎక్స్‌రేలు వెలుతురుకు పట్టి చూసుకున్నాం. ఆమెదీ అదే జబ్బు, అదే లోతులేని గిన్నె. కాని ఆమె కీలులో ఎడమే లేదు, ఎముక ఎముకను రాసుకుంటున్నది. ఆమెకు గిన్నె తిప్పే దశ దాటిపోయింది. డాక్టరు ఆమెను ఎంచుకోమనలేదు. "కీలు మారుస్తాం" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఎంచుకోవటానికి రెండోది మిగల్లేదు. నాకు పదేళ్ళు మోకాలి వైద్యం జరిగింది, ఆమెకు పన్నెండేళ్ళు నడుం వైద్యం జరిగింది. ఆ పన్నెండేళ్ళూ ఆమె బస్తాలు ఈడ్చింది, నేను సుద్దముక్క పట్టుకున్నాను. నా చేతిలో ఉన్న 'ఎంపిక' ఆ తేడాకే మరో పేరు.

నేను డాక్టర్లను అడిగిన ప్రశ్నలు: ఎన్నేళ్ళు నిలుస్తుంది, ఏ పదార్థం మంచిది, ఏ దేశపు లెక్క నమ్మాలి. ఆమె అడిగినవి రెండే.

"కింద కూర్చోవచ్చా అయ్యా?"

"వద్దమ్మా. గొంతుక్కూర్చోవద్దు, బాసింపట్టు వెయ్యొద్దు. కీలు జారే ప్రమాదం ఉంది. కుర్చీలో కూర్చోవాలి."

"మరి కాయలు కింద కదా ఉండేది?"

డాక్టరు చాలా సేపు మాట్లాడలేదు. కీలు మార్చాక నేల మీద కూర్చోవటం గురించి వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. పెద్ద బంతులు వచ్చాక కొందరు ఒప్పుకుంటున్నారు. ఈయన ఒప్పుకునే మనిషి కాదు, జాగ్రత్తపరుడు. ఆమె నావైపు తిరిగి, "టీచరమ్మా, నొప్పి పోయిద్దంట, పనీ పోయిద్దంట" అంది. నవ్వింది కూడా.

ఆ రాత్రి నేను హారిస్ స్కోరు అనే కాగితం చదివాను. అమెరికా వైద్యుడు విలియం హారిస్ 1969లో ప్రకటించిన ప్రశ్నావళి అది. ఆపరేషన్ ఎంతవరకు సఫలమయిందో చెప్పటానికి నేటికీ ప్రపంచమంతటా, మన ఆస్పత్రుల్లో కూడా, వాడతారు. మొత్తం 100 మార్కులు. అందులో నొప్పికి 44, పనులకు 47. మిగిలినవి కాలి వంకరకూ కదలికకూ. వృత్తి అలవాటు కొద్దీ దాన్ని ఒక గ్రంథంలా చదివాను. ప్రతి రచనకూ రచయిత ఊహించుకున్న పాఠకుడు ఒకడుంటాడు కదా, ఈ రచన ఊహించుకున్న మనిషి ఎవరు? మెట్లెక్కుతాడా అని అడుగుతుంది. సాక్సూ బూట్లూ తొడుక్కోగలడా అంటుంది. మామూలు కుర్చీలో గంటసేపు హాయిగా కూర్చోగలడా, బస్సో రైలో ఎక్కగలడా అంటుంది. ఎంత దూరం నడుస్తాడో అడుగుతుంది. నేల ఆ కాగితంలో ఎక్కడా లేదు. గొంతుక్కూర్చోవటం లేదు, బాసింపట్టు లేదు, నేల మీద నుంచి లేవటం లేదు, నెత్తిన బరువు లేదు, పొలంగట్టు లేదు. మన దేశంలో కోట్లాదిమంది ఆడవాళ్ళు తమ తుంటితో చేసే పనుల్లో సగానికి సగం ఆ నూరు మార్కుల బయట ఉన్నాయి. మిరపకాయల దగ్గర కూర్చోలేక ఉపాధి పోగొట్టుకున్న మనిషి కూడా ఈ పరీక్షలో తొంభై మార్కులతో పాసవుతుంది. పట్టికల్లో ఆమె "అత్యుత్తమ ఫలితం" కింద చేరుతుంది.

హారిస్ మీద నాకు కోపం లేదు. తన ముందుకు వచ్చిన మనిషిని చూసి రాశాడు. ప్రబంధకవి కూడా అదే చేశాడు. నాకు బాధ కలిగించింది, ఆ కాగితాన్ని నేలమీద బతికే దేశంలో యథాతథంగా నింపుతున్న మన విద్యావంతుల నిర్వికారం. మన దేశంలోనూ, జపాను వంటి ఇతర ఆసియా దేశాలలోనూ నేల కూర్చోవటాన్ని లెక్కలోకి తెచ్చే ప్రయత్నాలు చేస్తున్న వైద్యులు లేకపోలేదు. వారి గొంతు ఇంకా వార్డుదాకా రాలేదు.

ధరల విషయం క్లుప్తంగా చెబుతాను. 2017 ఆగస్టులో మోకాలి కీళ్ళకు ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించింది. ఆ ఉత్తర్వులో తుంటికీలు లేదు. మొదటి ఆస్పత్రిలో నాకు మూడు రకాల కీళ్ళ ధరలు ఒక కాగితం మీద చూపించారు, చీరల దుకాణంలో చూపించినట్టు. మూడోది కళ్ళు చెదిరేది. "మీ వయసుకు ఇదే మంచిది మేడం" అన్నాడు చూపించినతను. అతను డాక్టరు కాడు.

నా నిర్ణయం చెప్పాలి. కీలు మార్చుకుంటే ఆరువారాలు, గిన్నె తిప్పించుకుంటే మూడు నెలలు. నేను పీరియడుకు ఇంత అని జీతం తీసుకునే గెస్టు లెక్చరర్‌ని. తొడిమలు తీసే ఆమెకు కిలో లెక్క, నాకు గంట లెక్క. రెగ్యులర్ ఉద్యోగుల హెల్తుకార్డు మాకు లేదు. వేసవిలో మాకు ఎలాగూ జీతం ఉండదు కాబట్టి ఏప్రిల్లో ఆపరేషన్ అయితే పోయేదేమీ లేదు. ఎంత కాదనుకున్నా శస్త్రచికిత్స తేదీని నిర్ణయించింది వైద్యశాస్త్రం కాదు, టైంటేబిలు. అమ్మ చీటీ పాడింది. తమ్ముడు అప్పు తెచ్చాడు. వాడు "మార్పించెయ్యి అక్కా, ఒక్కసారితో పోతుంది" అన్నాడు. ఒక్కసారితో పోదని వాడికి చెప్పటానికి లాన్సెట్ లెక్క విప్పాను. విని, "సరే, నీ ఇష్టం. ఇరవయ్యేళ్ళ తరవాత మళ్ళీ అప్పు తెస్తాలే" అన్నాడు.

గిన్నె తిప్పించుకున్నాను. కారణాలు రెండు. ఒకటి శాస్త్రీయం: అరుగుదల తొలిదశలో ఉంది, ఈ ఆపరేషన్ విఫలమయినా తరవాత కీలు మార్చటానికి దారి ఉంటుంది, కీలు మార్చాక వెనక్కు రావటానికి దారి లేదు. రెండోది అంత శాస్త్రీయం కాదు. నేల మీద కూర్చోగలిగే అవకాశాన్ని నేనుగా వదులుకోదలచలేదు. మా ఇంట్లో భోజనం నేల మీద. మీటింగుల్లో కూర్చునేది జంపఖానా మీద. డాక్టరు హామీ ఇవ్వలేదు. "అవకాశం ఎక్కువ" అన్నాడు, అంతే. బెర్న్ లెక్కలో అరుగుదల మొదలయినవారి వరసలో నేనున్నానన్న సంగతి కూడా దాచలేదు. ఆ నూటికి నలభైలో నేనుంటే ఈ వ్యాసానికి రెండో భాగం రాయవలసి వస్తుంది.

2025 ఏప్రిల్లో నాలుగు గంటల ఆపరేషన్ జరిగింది. నొప్పి గురించి రాయను. జూన్ చివర రెండు కర్రలతో కాలేజీకి పోతే నా క్లాసులు పై అంతస్తులో వేసి ఉన్నాయి. కింది గది అడిగాను. గెస్టుల కోసం టైంటేబిలు మార్చటం కుదరదన్నారు. హారిస్ గారి మెట్ల ప్రశ్నకు ఆ విధంగా రోజూ జవాబు రాసుకుంటూ వచ్చాను. నాలుగో రోజున వెనక బెంచీ కుర్రాళ్ళు నా పుస్తకాల సంచీ ముందే పైకి చేర్చి, బల్ల పక్కన కుర్చీ వేసి ఉంచారు. 'హంసయాన' అన్నవాడు కూడా వాళ్ళలో ఉన్నాడు.

ఆమెకు నాకంటె నెల ముందే కీలు మార్చారు. మొన్న ఫోను చేసింది. నొప్పి లేదట, ఏళ్ళ తరవాత రాత్రిళ్ళు నిద్రపడుతున్నదట. మేస్త్రీని బతిమాలి, ఎత్తు బల్ల ఒకటి వేయించుకుని, కాయలు దాని మీద పోయించుకుని తొడిమలు తీస్తున్నదట. మొదట్లో తోటివాళ్ళు "కలెక్టరమ్మ కూర్చుంది" అని నవ్వారట. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులున్న ముసలాళ్ళు ఇద్దరు ఆ బల్ల దగ్గరికే వచ్చి కూర్చుంటున్నారట. కాని కాయ కిందనుంచి బల్ల మీదకు ఎత్తి పోసే మనిషి దొరికినప్పుడే పని సాగుతుంది, దొరకనప్పుడు ఖాళీ. ఇదివరకటి కిలోలు పడటం లేదు, కూలి మూడోవంతు తగ్గింది.

"నీ ఎముక అతికిందా టీచరమ్మా?" అని అడిగింది.

"వచ్చే వారం ఎక్స్‌రే తీస్తారక్కా."

"కింద కూర్చుని చూశావా?"

ఇంకా చూడలేదన్నాను.

"చూడు. చూసి చెప్పు," అంది. వెనక మేస్త్రీ ఎవరినో కేకేస్తున్నాడు. ఫోను పెట్టేసింది.